మ్యాచ్‌లో మొత్తం గోల్స్‌కి రేటు ఎలా కడతారు: ప్రిడిక్షన్ మార్కెట్‌ని నోట్‌బుక్‌తో చదివే పద్ధతి

శ్రీకాకుళంలో మా ట్యూషన్ రాత్రి ఎనిమిదిన్నరకి అయిపోతుంది. కుర్రాళ్లు సైకిళ్లు తీస్తూ తీస్తూ ఆగి అడిగే ప్రశ్న ఈ మధ్య ఒకటే: "మాస్టారూ, ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలవకముందే రెండున్నర గోల్స్ దాటడానికి 55 అని రేటు ఉంటాది కదా, అది ఎవులు కడతారండీ? ఏటి చూసి కడతారు?" నోటితో చాలాసార్లు చెప్పాను. బోర్డు మీద రాసింది మర్నాటికి చెరిగిపోతోంది, ప్రశ్న మాత్రం మళ్లీ వస్తోంది. అందుకని వరసగా రాసి పెడుతున్నాను. ఇంటర్ రెండో ఏడాది లెక్కలు చదివినవాళ్లకి ఇందులో కొత్త సూత్రం ఏదీ ఉండదు. చదవనివాళ్లు కూడా గుణకారం, భాగహారం వస్తే చేసుకోగలరు.

ముందు ఒక మాట. ఇది డబ్బు పెట్టడానికి రాసినది కాదు. మన రాష్ట్రంలో 2020 నుంచే ఆన్‌లైన్ జూదం నిషేధం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. విదేశీ సైట్లలోకి దొడ్డిదారిన వెళ్లడానికి వీపీఎన్, క్రిప్టో అంటూ ఎవరైనా దారి చూపిస్తే అటు వెళ్లకండి. నా దగ్గర చదివిన ఒక కుర్రాడు డిగ్రీ ఫీజు కట్టమని ఇంట్లో ఇచ్చిన డబ్బు ఇలాంటి యాప్‌లో పోగొట్టుకున్నాడు. ఆ మాట వాళ్ల నాన్నకి చెప్పడానికి నేను కూడా వాడితో వెళ్లాల్సి వచ్చింది. ఆ ఇంటి గుమ్మంలో నిలబడిన సాయంత్రం నేను మరిచిపోలేదు. రేటు చదవడం నేర్చుకోండి, కాగితం మీద ఆడండి. ఈ లెక్క నేర్చుకోవడానికి అంతే చాలు.

కావలసినవి

నూరు పేజీల నోట్‌బుక్ ఒకటి. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ (చాలా ఫోన్లలో స్క్రీన్ అడ్డంగా తిప్పితే వస్తుంది). మీరు చూసే లీగ్‌లో జట్లు సొంత మైదానంలో ఎన్ని గోల్స్ వేశాయో, ఎన్ని తిన్నాయో, బయట ఎన్నో చెప్పే పట్టిక. రేటు చూడటానికి ఏదో ఒక మార్కెట్ పేజీ: పాలీమార్కెట్, కాల్షి వంటి విదేశీ ప్రిడిక్షన్ మార్కెట్ల (ఏం జరుగుతుందో అన్నదాని మీద జనం డబ్బు పెట్టే సైట్ల) రేట్లు వార్తల్లోనూ కనిపిస్తుంటాయి. ఖాతా తెరవాల్సిన పని లేదు. కంప్యూటర్ ఉంటే ఎక్సెల్ పని తేలిక చేస్తుంది, లేకపోయినా ఆగిపోయేదేమీ లేదు.

1. రేటు చూడకముందు నిబంధన చదవండి

"మొత్తం గోల్స్ 2.5 పైన" అంటే మూడు, అంతకు మించి పడాలి. ఈ 2.5 లాంటి హద్దుని లైను అంటారు. రెండు పడితే ఓటమి. అర గోల్ ఎక్కడా ఉండదు కాబట్టి తీర్పు ఎటో ఒకటే, సమానం అన్న మాట రాకూడదనే ఆ అర పెట్టారు. ఇంతవరకు అందరికీ తెలుసు. తప్పు జరిగేది "ఎంతసేపు ఆటలో?" అన్న దగ్గర.

2022 డిసెంబర్ 18న అర్జెంటీనా, ఫ్రాన్స్ ఆడిన ప్రపంచకప్ ఫైనల్ గుర్తుందా? మన ఊళ్లో ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకి మొదలైంది. 90 నిమిషాలు, ఇంజురీ టైం కలిపి 2-2, అంటే నాలుగు గోల్స్. ఎక్స్‌ట్రా టైం అయ్యేసరికి 3-3, ఆరు గోల్స్. తర్వాత షూటౌట్ 4-2. ఇప్పుడు "4.5 పైన" అన్న ప్రశ్నకి జవాబు ఏమిటి? 90 నిమిషాల నిబంధన అయితే కాదు, ఎక్స్‌ట్రా టైం లెక్కించే నిబంధన అయితే అవును. ఒకే మ్యాచ్, రెండు తీర్పులు. షూటౌట్‌లో పడినవి సాధారణంగా ఏ నిబంధనలోనూ గోల్స్ కిందకి రావు. మ్యాచ్ మధ్యలో పడే పెనాల్టీ గోలు వస్తుంది, సెల్ఫ్ గోలు కూడా వస్తుంది.

నోట్‌బుక్‌లో మొదటి గడి ఇదే: "90 నిమిషాలా, ఎక్స్‌ట్రా టైం కలిపా?" మ్యాచ్ వాన వల్లో, గొడవ వల్లో మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారో కూడా నిబంధనలో రాసి ఉంటుంది. దాన్ని కూడా ఒక ముక్కలో రాసుకోండి.

2. సరైన రేటు తీసుకోండి

ఎవులు కడతారండీ అంటే, ఒక మనిషి కూర్చుని కట్టడు. కనీసం మూడు గోల్స్ పడతాయని ఒకడు 55 పైసలు పెడతాడు. పడవని ఇంకొకడు 45 పైసలు పెడతాడు. రెండూ కలిస్తే రూపాయి. మ్యాచ్ అయ్యాక ఆ రూపాయి గెలిచినవాడిది. (అక్కడ డాలరు, సెంట్లు. మనం రూపాయి, పైసలు అనుకుందాం.) కాబట్టి 55 అన్న రేటును "కనీసం మూడు గోల్స్ పడే అవకాశం నూటికి 55" అని చదవొచ్చు. ఇలా పెట్టేవాళ్లలో పెద్ద చేతులున్నవాళ్లు కంప్యూటర్లతో రెండు వైపులా ఆర్డర్లు వేస్తారు. వాళ్ల కంప్యూటర్లు చేసే లెక్కకి మూలం మనం మూడో అడుగులో చేయబోయేదే. వాళ్లు దాని మీద ఇంకా చాలా కలుపుతారు, అంతే తేడా.

పలాసలో జీడిపప్పు కొనబోతే వర్తకుడు కొనే రేటు ఒకటి, అమ్మే రేటు ఇంకొకటి చెబుతాడు. ఇక్కడా అంతే. కొంటామన్నవాళ్ల పై రేటు బిడ్, అమ్ముతామన్నవాళ్ల కింది రేటు ఆస్క్. బిడ్ 54, ఆస్క్ 56 ఉంటే మధ్యది 55 రాసుకోండి. "చివరి లావాదేవీ" అని పెద్ద అక్షరాలతో కనిపించే రేటుని నమ్మొద్దు. అది పది నిమిషాల కిందటిది కావచ్చు, రెండు గంటల కిందటిదీ కావచ్చు.

హెచ్చరిక: బిడ్ 40, ఆస్క్ 65 లాగ ఎడం ఎక్కువగా ఉంటే ఆ మార్కెట్లో మనుషులు లేరని అర్థం. మధ్యది 52.5 అని రాసుకుంటే అది ఎవరి అభిప్రాయమూ కాదు. అలాంటి మ్యాచ్ వదిలేయండి. నేనైతే ఎడం 4 దాటితే నోట్‌బుక్‌లో ఎక్కించను.

ప్రత్యామ్నాయం: మార్కెట్ పేజీ దొరకక, పాత పద్ధతి బుక్‌మేకర్ల (పందేలు కట్టించుకునే సంస్థల) రేట్లు మాత్రమే కనిపిస్తే, అవి 2.5 పైన 1.80, కింద 2.00 ఇలా ఉంటాయి. 1ని వాటితో భాగించండి. 1.80 అంటే 55.6, 2.00 అంటే 50. రెండూ కూడితే 105.6 వచ్చింది కదా, ఆ పైన ఉన్న 5.6 వాళ్ల మార్జిను. 55.6ని 105.6తో భాగిస్తే 52.6 వస్తుంది. అసలు అవకాశం అది. ఈ భాగహారం మరిచిపోయి 55.6 అని రాసుకునేవాళ్లే ఎక్కువ.

3. రేటులో దాగిన సగటు బయటికి తీయండి

అసలు పని ఇక్కడుంది, కాస్త నిదానంగా చేయండి.

"2.5 పైన 55" అన్న రేటు వెనక ఒక్క సంఖ్య ఉంటుంది: ఈ మ్యాచ్‌లో సగటున ఎన్ని గోల్స్ పడతాయని మార్కెట్ అనుకుంటోంది? ఆ సంఖ్య దొరికితే 1.5 రేటు, 3.5 రేటు, సరిగ్గా మూడు గోల్స్ రేటు అన్నీ దాని నుంచే వస్తాయి. దారి పాయిజాన్ విభాజనం: సగటు తెలిస్తే, ఒక సంఘటన సున్నాసార్లు, ఒకసారి, రెండుసార్లు జరిగే అవకాశం ఎంతో చెప్పే సూత్రం. గోల్స్ అరుదుగా, ఒకదానికొకటి పెద్దగా సంబంధం లేకుండా పడతాయి కాబట్టి అది ఇక్కడ బాగా సరిపోతుంది.

ముందు సగటు నుంచి రేటుకి వెళ్దాం. సగటు 2.9 అనుకోండి.

సున్నా గోల్స్: 2.71828ని 2.9వ ఘాతానికి హెచ్చించి, 1ని దానితో భాగించండి. 0.055 వస్తుంది.
ఒక గోలు: వచ్చినదాన్ని 2.9తో గుణించండి. 0.160.
రెండు గోల్స్: దాన్ని మళ్లీ 2.9తో గుణించి 2తో భాగించండి. 0.231.
మూడు గోల్స్: మళ్లీ 2.9తో గుణించి 3తో భాగించండి. 0.224.

ఇలాగే నాలుగుకి 4తో, ఐదుకి 5తో. సున్నా, ఒకటి, రెండు కూడితే 0.446. 1లోంచి తీసేస్తే 0.554. అంటే "2.5 పైన" రేటు 55.4 పైసలు. ఎక్సెల్‌లో అయితే పాయిజాన్ డాట్ డిస్ట్ (POISSON.DIST) అన్న ఫంక్షన్ ఉంది. బ్రాకెట్లో ముందు 2, తర్వాత సగటు, చివర ట్రూ ఇచ్చి, వచ్చినదాన్ని 1లోంచి తీసేయండి.

రేటు నుంచి సగటుకి వెనక్కి రావడానికి సూటి సూత్రం లేదు. అందుకే ఈ చిన్న పట్టిక నోట్‌బుక్ అట్ట లోపల రాసుకోండి. వరసగా సగటు, తర్వాత 1.5 పైన, 2.5 పైన, 3.5 పైన రేట్లు:

2.2 : 65, 38, 18
2.4 : 69, 43, 22
2.6 : 73, 48, 26
2.8 : 77, 53, 31
3.0 : 80, 58, 35
3.2 : 83, 62, 40

మన రేటు 55. అది 53కీ 58కీ మధ్య, ఐదు భాగాల్లో రెండు భాగాలు పైన. కాబట్టి సగటు 2.8కీ 3.0కీ మధ్య అదే లెక్కన 2.88. పట్టిక ఇంకో సంగతి కూడా చెబుతోంది చూడండి: సగటు 0.1 కదిలితే రేటు రెండు, రెండున్నర పైసలు కదులుతుంది. మ్యాచ్‌కి సుమారు గంట ముందు జట్ల జాబితా వచ్చి, పెద్ద స్ట్రైకర్ లేడని తెలిసి, రేటు 55 నుంచి 50కి పడితే, మార్కెట్ ఆ ఒక్క మనిషికి 0.2 గోల్స్ విలువ కట్టిందన్నమాట. ఇది చేతికి వచ్చాక రేటు కదలిక చూడటంలో ఉండే ఆనందమే వేరు.

ఇక్కడ దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. "సగటు రెండున్నర అయితే రేటు 50 ఉండాలి కదా!" ఉండదు. సగటు 2.5కి రేటు 46 వస్తుంది. కారణం: కొన్ని మ్యాచ్‌లలో ఆరు, ఏడు పడి సగటుని పైకి లాగుతాయి, కింద మాత్రం సున్నా దాటి దిగలేవు. 2014లో జర్మనీ బ్రెజిల్‌ని 7-1తో కొట్టిన ప్రపంచకప్ సెమీఫైనల్ ఒక్కటే ఎనిమిది గోల్స్. రేటు సరిగ్గా 50 రావాలంటే సగటు 2.67 కావాలి. ఈ సంఖ్య గుర్తు పెట్టుకోండి.

4. పక్క లైన్లతో సరిచూడండి

2.88 సగటు సరైనదైతే "1.5 పైన" 78 దగ్గర, "3.5 పైన" 33 దగ్గర ఉండాలి. తెరిచి చూడండి. ఒకటి రెండు పైసల తేడా మామూలే. మూడింటి వరస మాత్రం ఎప్పుడూ తప్పకూడదు: 1.5 రేటు అన్నిటికంటే పైన, తర్వాత 2.5, తర్వాత 3.5. తలకిందులుగా కనిపిస్తే మీరు పాత రేటు చూస్తున్నారు, లేదా ఒకటి 90 నిమిషాలది, ఇంకొకటి ఎక్స్‌ట్రా టైం కలిపినది. ఒకటో అడుగుకి వెళ్లండి.

"2.5 పైన" లోంచి "3.5 పైన" తీసేస్తే సరిగ్గా మూడు గోల్స్ పడే అవకాశం. 55 లోంచి 33 తీస్తే 22. ఆ మార్కెట్ విడిగా ఉంటే అక్కడి రేటు ఇదే రావాలి.

కొన్నిసార్లు 3.5 పైన రేటు పట్టిక చెప్పినదానికంటే మూడు నాలుగు పైసలు ఎక్కువగా ఉంటుంది. అప్పుడు లెక్క తప్పిందని చెరిపేయకండి. వెనకబడిన జట్టు అందరినీ ముందుకి తోసి ఆడటం మొదలుపెడితే ఆట తెరుచుకుంటుంది, గోలు గోలుని పిలుస్తుంది. ఇలాంటి మ్యాచ్‌లకి పాయిజాన్ కాస్త బిగుతు చొక్కా. మార్కెట్ ఆ సంగతి కలుపుకుంటోంది, పట్టిక కలుపుకోలేదు. నోట్‌బుక్‌లో "తోక లావు" (ఎక్కువ గోల్స్ పడే అవకాశం పట్టిక కంటే ఎక్కువ) అని రాసుకుని ముందుకి వెళ్లండి.

5. మీ సొంత సగటు కట్టండి

మార్కెట్ చూడకుండా చేయాలి. చూశాక చేస్తే మీ చెయ్యి తెలియకుండానే అటే పోతుంది. వీలైతే ముందురోజే చేసి తేదీ వేయండి.

లీగ్ మొత్తానికి సొంత మైదానంలో ఆడే జట్టు సగటు 1.5 గోల్స్, బయటి జట్టు సగటు 1.2 అనుకుందాం. మొదటి జట్టు సొంత మైదానంలో 1.8 వేస్తుంది. 1.8ని 1.5తో భాగిస్తే 1.2, దాని దాడి బలం. రెండో జట్టు బయట ఆడేటప్పుడు 1.65 తింటుంది. 1.5తో భాగిస్తే 1.1, దాని రక్షణ బలహీనత. మొదటి జట్టు ఈ మ్యాచ్‌లో వేసేది 1.5 × 1.2 × 1.1 = 1.98.

రెండో జట్టు బయట 1.08 వేస్తుంది, 1.2తో భాగిస్తే 0.9. మొదటిది ఇంట్లో 1.08 తింటుంది, అది కూడా 0.9. రెండో జట్టు వేసేది 1.2 × 0.9 × 0.9 = 0.97.

రెండూ కూడండి: 2.95. మూడో అడుగు పద్ధతిలో రేటు కడితే 56.5.

"వేసినవి" మాత్రమే కూడి "తిన్నవి" వదిలేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. గట్టి డిఫెన్స్ ఉన్న జట్టుతో ఆడబోతున్నారన్న సంగతి ఆ లెక్కలోకి రాదు.

మార్కెట్ 55, మనది 56.5. ఇక్కడ కుర్రాళ్ల కళ్లు మెరుస్తాయి: "మాస్టారూ, మార్కెట్ తప్పు!" ఆగండి. మీ 2.95 ఎంత గట్టిదో చూద్దాం. ఇరవై మ్యాచ్‌ల సమాచారం మీద వచ్చిన సగటు అనుకోండి. దాని ఊగిసలాట కొలవడానికి సగటుని మ్యాచ్‌ల సంఖ్యతో భాగించి వర్గమూలం తీయాలి. 2.95ని 20తో భాగిస్తే 0.1475, వర్గమూలం 0.38. అంటే అసలు సగటు 2.57 కావచ్చు, 3.33 కావచ్చు. రేట్లలోకి మారిస్తే 47 నుంచి 65 దాకా. పద్దెనిమిది పైసల వెడల్పున్న వలలో పైసన్నర తేడా చూపించి మార్కెట్ తప్పు అనలేం. ఈ లెక్క మీ చేత్తో ఒక్కసారైనా చేయండి. యాప్‌లో డబ్బు పోగొట్టుకున్న ఆ కుర్రాడికి నేను ఇది ముందే చేసి చూపించి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను.

సమాచారం ఏ ఏడాదిదో కూడా చూడండి. ప్రీమియర్ లీగ్‌లో 2023-24 సీజన్‌లో 380 మ్యాచ్‌లకి 1246 గోల్స్, సగటు 3.28. తర్వాతి సీజన్‌లో 1115, సగటు 2.93. మొదటి సగటుతో 2.5 పైన రేటు 64 వస్తుంది, రెండో దానితో 56. పాత పట్టిక పట్టుకుని కూర్చున్నవాడు ప్రతి మ్యాచ్‌లోనూ ఎనిమిది పైసలు తప్పు రాస్తాడు. ప్రపంచకప్ సగటులు ఇంకా జాగ్రత్తగా వాడాలి. 2010లో 64 మ్యాచ్‌లకి 145 గోల్స్, 2022లో అన్నే మ్యాచ్‌లకి 172. పైగా ఈ మొత్తాల్లో ఎక్స్‌ట్రా టైం గోల్స్ కూడా ఉన్నాయి. పైన చెప్పిన ఫైనల్ అక్కడ ఆరు గోల్స్‌గా లెక్క. 90 నిమిషాల ప్రశ్నకి ఆ సగటుని నేరుగా పెడితే రేటు కొంచెం పైకి పోతుంది.

6. ఆట నడుస్తుండగా రేటు ఎందుకు కరుగుతుంది

కళింగపట్నం ఒడ్డున పొద్దున్నే పలికిన చేపల ధర పొద్దెక్కే కొద్దీ దిగుతుంది. చేప అదే, మిగిలిన సమయమే తగ్గింది. గోలు పడనంతసేపు "2.5 పైన" రేటు కూడా అలాగే దిగుతుంది.

లెక్క: మొత్తం సగటులో మిగిలిన సమయానికి వచ్చే వాటా తీసుకోండి. రెండో సగంలో గోల్స్ కాస్త ఎక్కువ పడతాయి కాబట్టి హాఫ్ టైంకి మిగిలిన వాటా సగం కాకుండా నూటికి 55 అని పెట్టుకుంటాను. 2.9కి అది సుమారు 1.6.

హాఫ్ టైంకి 0-0 అయితే ఇంకా మూడు కావాలి: రేటు 22.
ఒక గోలు పడి ఉంటే ఇంకా రెండు కావాలి: 48.
రెండు పడి ఉంటే ఒక్కటి చాలు: 80.

మొదలైనప్పుడు 55 ఉన్నది, ఏమీ జరగకుండానే 22కి వచ్చింది. ఇది చూసి "మార్కెట్ భయపడిపోయింది" అనేవాళ్లు ఉంటారు. భయమేమీ లేదు, గడియారం నడిచింది.

మళ్లీ ఆ ఫైనల్‌నే తీసుకోండి. 36వ నిమిషానికి 2-0. తర్వాత 79వ నిమిషం దాకా గోలు లేదు. మ్యాచ్ సగటు 2.4 అనుకుంటే, అప్పటికి మిగిలిన వాటా ఇంజురీ టైంతో కలిపి 0.4 దగ్గర. కనీసం ఒక గోలు పడే అవకాశం 33. (ఇది మన లెక్క, ఆ రోజు మార్కెట్ రేటు కాదు.) 80లో ఒకటి, 81లో ఒకటి, రెండూ ఎంబాపే. 33 అంటే మూడింట ఒకసారి జరిగేది. ఆ రాత్రి జరిగింది. దాన్ని బట్టి 33 తప్పని చెప్పలేం. ఎందుకో ఏడో అడుగులో ఉంది.

హెచ్చరిక: టీవీ, ఫోన్ ప్రసారం మైదానం కంటే వెనక ఉంటాయి. గోలు మీకు కనిపించకముందే రేటు ఎగిరి ఉంటుంది. ఆట మధ్యలో రేటు రాసుకుంటే నిమిషం, స్కోరు కూడా రాయండి, గోలు పడిన వెంటనే ఒక నిమిషం ఆగి రాయండి. వీడియో సమీక్ష నడుస్తుంటే అసలు రాయకండి. రెడ్ కార్డు పడినప్పుడు మొత్తం గోల్స్ ఎటు పోతాయో ముందే చెప్పేయొద్దు. పది మందితో మిగిలిన జట్టు వేసేవి తగ్గుతాయి, తినేవి పెరుగుతాయి. రెండిట్లో ఏది పెద్దదన్నది స్కోరుని బట్టి ఉంటుంది.

7. ఫలితం సరిచూసుకోవడం

చాలామంది ఆరో అడుగుతో ఆపేస్తారు. ఇది లేకపోతే మిగతా అంతా కాలక్షేపం.

ఒక మ్యాచ్‌కి ఒక వరస. గడులు: తేదీ, నిబంధన, లైను, మీ రేటు, మార్కెట్ మధ్య రేటు (మొదలవడానికి అయిదు నిమిషాల ముందు), పడిన గోల్స్, దాటితే 1, దాటకపోతే 0. యూరప్ మ్యాచ్‌లు కొన్ని మనకి రాత్రి ఒంటిగంటన్నరకి మొదలవుతాయి. మేలుకుని ఉండొద్దు. అలాంటివాటికి పడుకోబోయే ముందు రేటు రాసుకుని పక్కన సమయం వేయండి. చదువుకునే పిల్లలకి ఇది మరీ మరీ చెబుతాను.

ఇప్పుడు ఒక్కో వరసకి తప్పు కొలవండి. రేటు 0.55, ఫలితం 1 అయితే తేడా 0.45, వర్గం 0.2025. ఫలితం 0 అయితే తేడా 0.55, వర్గం 0.3025. ఇలా మీ రేటుకి విడిగా, మార్కెట్ రేటుకి విడిగా చేసి, అన్నిటి సగటు తీయండి. తక్కువ వస్తే మంచిది. ఇది బ్రయర్ స్కోరు. 1950లో గ్లెన్ బ్రయర్ అనే అమెరికా శాస్త్రవేత్త వాతావరణ అంచనాలను తూచడానికి పెట్టిన కొలత. తిత్లీ లాంటి తుపానులు చూసిన మనకి, అంచనా చెప్పడం ఒకటి, అది ఎంత నమ్మదగ్గదో కొలవడం ఇంకొకటి అని వేరే చెప్పక్కర్లేదు.

పోల్చుకోవడానికి గీటురాయి 0.25. ఏమీ ఆలోచించకుండా ప్రతి మ్యాచ్‌కీ 50 అని రాసినవాడి స్కోరు అది. మీ స్కోరు 0.25 కంటే ఎక్కువ వస్తే మీ లెక్క అసలు లెక్క లేనిదాని కంటే చెడ్డది. మొదట్లో చాలామందికి అలాగే వస్తుంది, కంగారు పడకండి. ఐదో అడుగులో మీ సగటుని లీగ్ సగటు వైపు సగం దూరం జరిపి చూడండి. లీగ్ సగటు 2.7, మీది 3.3 అయితే 3.0 రాయండి. తక్కువ మ్యాచ్‌ల సమాచారం ఉన్నంతకాలం ఈ ఒక్క దిద్దుబాటు చాలా తప్పుల్ని తగ్గిస్తుంది.

ఇంకో పరీక్ష: 50 నుంచి 60 మధ్య రేటు ఉన్న వరసలన్నీ ఒకచోట చేర్చండి. వాటిలో ఎన్ని దాటాయి? నూటికి 55 దగ్గర ఉండాలి. ఫైనల్లో 33 రేటు తప్పో ఒప్పో ఒక్క మ్యాచ్ చెప్పలేదంటే అర్థం ఇదే. 33 రేటున్న మ్యాచ్‌లు అరవై పోగయ్యాక ఇరవై దగ్గర దాటాయా అన్నదే పరీక్ష. అప్పుడు కూడా ఖచ్చితంగా రాదు. యాభై మ్యాచ్‌లు రాస్తే నూటికి ఏడు అటూ ఇటూ ఊగడం సహజం. యాభైకి 31 దాటాయని, మార్కెట్ 55 అంటే నిజంగా 62 అని తేల్చేయకూడదు. ఇంకో యాభై రాయండి.

నేను చూసినంతలో, ఓపిగ్గా వంద వరసలు నింపిన పిల్లలు మార్కెట్ స్కోరుని దాటినట్టు చూపించలేదు. దగ్గరికి వచ్చారు. వేలమంది డబ్బు, కంప్యూటర్లు కలిసి కట్టిన రేటుకి దగ్గరగా, ట్యూషన్ బెంచీ మీద కూర్చుని పెన్నుతో రావడం చిన్న సంగతి కాదు.

మిగతా ప్రశ్నలు

లైను 2.5 బదులు 3 అని ఉంటే? సరిగ్గా మూడు పడితే పెట్టింది వెనక్కి ఇస్తారు. అప్పుడు రేటు చదవాలంటే మూడు గోల్స్ అవకాశాన్ని పక్కన పెట్టాలి. సగటు 2.9కి పైన 33, కింద 45. రెండూ కలిపి 78, అందులో 33 అంటే 42. ఆ 42 చూసి గోల్స్ తక్కువ పడతాయని అనుకోవద్దు.

విజయనగరం నుంచి వచ్చే ఒక కుర్రాడు కబడ్డీకి కూడా ఇదే పట్టిక వాడొచ్చా అని అడిగాడు. వాడకూడదు. హాకీకి దాదాపు సరిపోతుంది, అక్కడా గోల్స్ తక్కువ, విడివిడిగా పడతాయి. కబడ్డీలో పాయింట్లు డజన్ల కొద్దీ వస్తాయి, గుంపులుగా వస్తాయి: ఒక రైడ్‌లో మూడు పడొచ్చు, జట్టు మొత్తం ఆలౌట్ అయితే పైన ఇంకో రెండు. దానికి వేరే లెక్క కావాలి. మొదలుపెట్టాలంటే, ముందు నలభై మ్యాచ్‌ల మొత్తం పాయింట్లు రాసి, అవి సగటు చుట్టూ ఎంత దూరం చెదిరాయో చూడండి.